పాత జపాన్ లెస్‌పాల్ కాపీ: ఒక పికప్ మూగబోయింది, లోపల వైరింగ్ మొత్తం మార్చాలా?

పాతతంతి
అందరికీ నమస్కారం. నా దగ్గరికి ఒక పాత ఎలక్ట్రిక్ గిటార్ వచ్చింది. గిబ్సన్ కంపెనీ లెస్‌పాల్ మోడల్ ఆకారం, సన్‌బర్స్ట్ రంగు. నెక్ మాత్రం అతికించింది కాదు, నాలుగు స్క్రూలతో బిగించింది. హెడ్‌స్టాక్ మీద పేరు చెరిగిపోయింది, సీరియల్ నంబర్ ఎక్కడా లేదు. వెనక స్టీల్ ప్లేటు మీద "స్టీల్ అడ్జస్టబుల్ నెక్", "మేడ్ ఇన్ జపాన్" అని చెక్కి ఉంది.

తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే పికప్‌లు రెండున్నాయి, తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర ఒకటి, నెక్ వైపు ఒకటి. బ్రిడ్జ్ పికప్ నుంచి అసలు సౌండే లేదు. నెక్ పికప్ పలుకుతుంది కానీ దాని టోన్ నాబ్ తిప్పినా తిప్పకపోయినా ఒకటే. వాల్యూమ్ తిప్పితే కరకర. పైగా ఒకటే హమ్, తీగల మీద చెయ్యి వేసినా తగ్గదు. చెక్క పని పెద్దగా లేదు అనుకుంటున్నా, పైన ఒకటి రెండు సొట్టలు, అంతే.

వైరింగ్ కిట్ ఒకటి, కొత్త పికప్‌లు ఒక జత తెచ్చి మొత్తం మార్చేద్దామా? లేక ఉన్నదాన్నే బాగుచేయొచ్చా? సోల్డరింగ్ వచ్చు, కానీ గిటార్ లోపల ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు.

చెవులపిల్లి
మార్చెయ్ బ్రో, ఆలోచించకు. ఆ కాలం కాపీల్లో పాట్లు (నాబ్‌ల కింద ఉండే వాల్యూమ్, టోన్ కంట్రోళ్లు) చిన్న సైజువి, వైర్లు సన్నవి, స్విచ్ డబ్బా. పెద్ద పాట్లు, ఆయిల్ కెపాసిటర్లు, మంచి హంబకర్లు (హమ్ తగ్గించే రెండు కాయిల్‌ల పికప్‌లు) వేస్తే అదే గిటారా అనిపిస్తుంది.

సోల్డర్‌పొగ
అదే గిటారా అనిపిస్తుంది నిజమే, ఎందుకంటే అది అదే గిటార్ కాదు కాబట్టి.

పాతతంతి గారూ, ఏదీ విప్పకండి, ఏదీ కొనకండి. మల్టీమీటర్ ఉంటే చాలు. గిటార్‌కి కేబుల్ గుచ్చండి, రెండో చివర ప్లగ్‌కి మీటర్ పెట్టండి, ఒక ప్రోబ్ కొనకి, ఒకటి ఒంటికి. వాల్యూమ్‌లు అన్నీ పూర్తిగా పెంచి, స్విచ్ మూడు పొజిషన్లలోనూ రెసిస్టెన్స్ ఎంతో రాసుకోండి. ఇలా బయటి నుంచే లోపల ఏం జరుగుతోందో చాలావరకు తెలిసిపోతుంది:

బాగున్న హంబకర్ అయితే 7 నుంచి 8 కిలో ఓమ్స్ ప్రాంతంలో వస్తుంది. దాదాపు సున్నా వస్తే ఎక్కడో షార్ట్. మీటర్ అసలు కదలకపోతే స్విచ్‌లోనో జాక్‌లోనో దారి తెగింది. 500 కిలో దగ్గర్లో వస్తే మీకు కనిపించేది వాల్యూమ్ పాట్ రెసిస్టెన్స్ మాత్రమే, అంటే పాట్ నుంచి జాక్ దాకా అంతా బాగానే ఉంది, పికప్ వైపు దారి తెగింది.

తర్వాత మీటర్‌ని కంటిన్యూటీ (దారి కలిసి ఉంటే బీప్ ఇచ్చే సెట్టింగ్) మీద పెట్టి, ఒక ప్రోబ్ బ్రిడ్జి మీద, ఇంకోటి ప్లగ్ ఒంటి మీద ఆనించండి. బీప్ రావాలి.

ఇ_మైనర్
ఈ చివరిది ఎందుకు అన్నా?

సోల్డర్‌పొగ
తీగల గ్రౌండ్ కోసం. మన శరీరం గదిలోని కరెంటు హమ్‌ని పట్టుకుని గిటార్‌కి అందిస్తుంది. తీగలు గ్రౌండ్‌కి కలిసి ఉంటే, వాటిని పట్టుకోగానే మనం కూడా గ్రౌండ్ అయిపోతాం, హమ్ తగ్గుతుంది. తగ్గట్లేదని ఆయన రాశారు కాబట్టి ఆ వైరు మీద నాకు అనుమానం.

అన్నట్టు, ఇదే కారణంగా ఆంప్లిఫయర్‌కి సరైన ఎర్త్ లేకపోతే తీగలే షాక్ కొట్టే ప్రమాదం ఉంది. పాత ఆంప్ వాడేవాళ్లు ముందు దాని మూడో పిన్ను సంగతి చూసుకోండి, గిటార్ సంగతి తర్వాత.

పాతతంతి
కొలిచాను.
నెక్: 6.9 కిలో
మధ్య: 6.8 కిలో
బ్రిడ్జ్: 480 కిలో
బ్రిడ్జికి, ప్లగ్ ఒంటికి: బీప్ లేదు.

సోల్డర్‌పొగ
చూశారా, కిట్ తెచ్చి ఉంటే సగం దండగ అయ్యేది. స్విచ్ మూడు పొజిషన్లలోనూ కనెక్షన్ ఇస్తోంది, జాక్ బాగుంది. బ్రిడ్జ్ పికప్‌కి వెళ్లే దారి తెగింది. అది కాయిల్ లోపలా, బయటి లీడ్ వైర్‌లోనా అన్నది విప్పితేనే తెలుస్తుంది. తీగల గ్రౌండ్ పోయింది. మిగిలింది నెక్ టోన్ ఒక్కటే, బహుశా కెపాసిటర్ కాలో, దాని అతుకో.

వెనక మూత తీసి, ఏదీ కదపకముందే నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. పాట్ల వెనక, కెపాసిటర్ల మీద ఏం రాసి ఉందో కూడా రాయండి.

చెవులపిల్లి
సరే, పికప్ బాగవుతుందేమో చూద్దాం. కానీ ఒక్క మాట, ఇది లాసూట్ గిటార్ అయితే, అంటే గిబ్సన్ వాళ్లు కోర్టు కేసు వేసిన కాపీల్లో ఒకటైతే, జాగ్రత్త. వాటికి గిరాకీ ఉంటుంది, చెడగొట్టుకోకు.

వడ్రంగిపిట్ట
పాత జపాన్ కాపీ కనిపిస్తే చాలు, ఈ "లాసూట్" మాట తగిలించేస్తున్నారు. అసలు జరిగిన కేసు ఒక్కటే. గిబ్సన్‌కి అప్పటి మాతృసంస్థ నార్లిన్, 1977లో అమెరికాలో ఐబనెజ్ గిటార్లు పంపిణీ చేసే ఎల్గర్ కంపెనీ మీద వేసింది. గొడవ ప్రధానంగా హెడ్‌స్టాక్ ఆకారం గురించి. 1978లో కోర్టు బయట రాజీతో ముగిసింది. అప్పటికే ఐబనెజ్ తన హెడ్‌స్టాక్ ఆకారం మార్చేసింది కూడా. మిగతా బ్రాండ్ల కాపీలకి ఆ కేసుతో ఏ సంబంధమూ లేదు. బోల్ట్ నెక్ ఉన్న ప్రతి గిటార్‌నీ ఆ పేరుతో అమ్మేస్తున్నారు, అదీ సంగతి.

ఇక ఎవరు చేశారన్న ప్రశ్న. వెనక ప్లేటు మీద రాత చూసి ఫ్యాక్టరీ పేరు ఖాయం చేయలేం. మాత్సుమోకు ఫ్యాక్టరీ గిటార్ల మీద అలాంటి ప్లేట్లు తరచు కనిపిస్తాయి, నిజమే. కుట్టుమిషన్లకి చెక్క క్యాబినెట్లు చేస్తూ మొదలైన కంపెనీ అది. తర్వాత ఆరియా, యూనివాక్స్, జపాన్‌కి మారిన ఎపిఫోన్, ఇలా బోలెడు పేర్లకి గిటార్లు చేసి 1987లో మూతపడింది. ఫుజిగెన్, కవాయ్ లాంటివాళ్లు కూడా ఇతరుల పేర్లతో చేసిచ్చారు. ఒకే గిటార్ రకరకాల పేర్లతో దేశదేశాలకీ వెళ్లిన రోజులవి. ఐబనెజ్ అయితే 1975 తర్వాతవాటికి సీరియల్ నంబర్ ఉంటుంది, ముందు నెలని సూచించే ఒక అక్షరం, తర్వాత రెండంకెల్లో సంవత్సరం. మీదానికి నంబరే లేదు కాబట్టి ఆ ఆశ వదులుకోండి.

నెక్ విప్పినప్పుడు దాని మడమ మీద, బాడీలో అది కూర్చునే గుంటలో పెన్సిల్ రాతో, ముద్రో ఉంటే ఫోటో పెట్టండి. ఒకటి గమనించండి, పైభాగం మీద వేలితో తట్టి చూస్తే కొన్నిచోట్ల డొల్లగా మోగుతుందా?

పాతతంతి
అవును అక్కా! పికప్‌ల మధ్య, పక్కల డొల్ల శబ్దం వస్తోంది. విరిగిందేమోనని భయపడ్డాను.

వడ్రంగిపిట్ట
విరగలేదు, పుట్టుకే అలా. అసలు లెస్‌పాల్‌లో మేపుల్ దిమ్మని చెక్కి పైభాగం చేస్తారు. ఈ కాపీల్లో చాలావాటికి పల్చటి ప్లైవుడ్‌ని అచ్చులో వంచి, బాడీ మీద అతికించేవాళ్లు. వంపు కింద ఖాళీ మిగులుతుంది. అందుకే ఇవి కాస్త తేలికగా, కాస్త గాలి నిండినట్టు మోగుతాయి. నాకైతే ఆ సౌండ్ ఇష్టం. అయితే దీనివల్ల రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి.

మొదటిది, పాట్ల కాడ పొడవు. అసలు లెస్‌పాల్ మందమైన చెక్కకి పొడుగు కాడ పాట్లు వాడతారు. మీదానికి పొట్టివే కావాలి. చెవులపిల్లి చెప్పిన కిట్ తెస్తే నాబ్‌లు పైన కొంగ కాళ్లలా నిలబడేవి.

రెండోది, బ్రిడ్జి పోస్టులు. వాటి కింద గట్టి చెక్క ఎంత ఉందో చూడాలి. తీగల లాగుడుకి పోస్టులు ముందుకు వాలి ఉంటే, రంధ్రాన్ని గట్టి కర్ర కడ్డీతో, చెక్క జిగురుతో నింపి మళ్లీ తొలచాలి. అగ్గిపుల్లలు కుక్కి సరిపెట్టడం నెక్ స్క్రూలకి, పికప్ రింగ్ స్క్రూలకి ఓకే, బ్రిడ్జికి కాదు.

ఇప్పుడే రంగు జోలికి మాత్రం వెళ్లకండి. ఆ కాలపు జపాన్ గిటార్లు చాలావరకు పాలియురిథేన్ లేదా పాలియెస్టర్ పూతవి, గట్టిగా ఉంటాయి. నాఫ్తా తడిపిన మెత్తటి గుడ్డతో జిడ్డు, పాత స్టిక్కర్ల జిగురు పోతాయి. కిటికీలు తెరిచి, మంటకి దూరంగా. అసిటోన్, థిన్నర్ వద్దు. సొట్టలు ఉండనివ్వండి.

పాతతంతి
మూత తీశాను. నాలుగు పాట్ల మీదా ఏ500కే అని ఉంది, శరీరం చిన్నది. కెపాసిటర్లు రెండూ ఆకుపచ్చవి, 2ఏ223 అని ముద్ర. నెక్ టోన్ దగ్గర కెపాసిటర్ కాలు పాట్ వీపు నుంచి ఊడి పక్కకి వేలాడుతోంది. లెడ్ (సోల్డర్) బుడిపె అలాగే ఉంది, కాలు మాత్రం బయట. తీగల గ్రౌండ్ వైరు టెయిల్‌పీస్ (తీగల చివరలు బిగించే ముక్క) వైపు ఉన్న రంధ్రంలోంచి వస్తోంది, లాగితే మొత్తం చేతికొచ్చేసింది, చివర పచ్చటి చిలుము.

బ్రిడ్జ్ పికప్ లీడ్‌ని పాట్ నుంచి విడదీసి కొలిచాను. ఓపెన్.

సోల్డర్‌పొగ
బ్రహ్మాండం. ఒక్కొక్కటీ.

ఏ500కే అంటే 500 కిలో, ఆడియో టేపర్, అంటే తిప్పేకొద్దీ విలువ సమానంగా కాక, చెవికి తగ్గట్టు లాగ్ పద్ధతిలో మారుతుంది. జపాన్ పద్ధతిలో ఏ అంటే లాగ్, బి అంటే లీనియర్. కొన్ని పాత యూరప్ పాట్ల మీద ఇది తలకిందులుగా ఉంటుంది, అందుకే అక్షరం చూసి మోసపోకుండా సగం తిప్పి కొలిచి చూడటం మేలు. ముద్రించిన విలువకి 20 శాతం అటూ ఇటూ ఉండటం మామూలే, మీ 480 చాలా బాగున్నట్టు లెక్క.

2ఏ223 అంటే 22 తర్వాత మూడు సున్నాలు, 22,000 పికోఫారడ్, మనకి తెలిసిన 0.022 మైక్రో. 2ఏ అంటే వంద వోల్టులు. హంబకర్‌కి సరైన విలువే. కాలు ఊడటం కోల్డ్ జాయింట్ లక్షణం. కట్టినప్పుడే పాట్ వీపు సరిగా వేడెక్కలేదు, లెడ్ పైన కూర్చుంది కానీ అంటుకోలేదు. పాట్ వీపుని సన్న ఎమరీ కాగితంతో గీకి, ముందు దానిమీద పల్చగా లెడ్ పట్టించి, తర్వాత కాలు పెట్టి కరిగించండి. 40 వాట్ల పైన ఉన్న ఐరన్, వెడల్పు మొన. సన్న మొనతో నిమిషం సేపు పట్టుకుంటే పాట్ లోపలి గ్రీజు ఉడికిపోతుంది. రెండు మూడు సెకన్లలో పని అయిపోవాలి. లెడ్ 60/40, లోపల రోసిన్ ఉన్నది. ప్లంబింగ్‌కి వాడే యాసిడ్ ఫ్లక్స్ దగ్గరికి రానివ్వకండి, రాగిని తినేస్తుంది.

కరకరకి కాంటాక్ట్ క్లీనర్. పాట్ కాళ్ల పైన సందు ఉంటుంది, అందులోకి కొద్దిగా కొట్టి అటూ ఇటూ బాగా తిప్పండి. తుప్పు వదిలించే స్ప్రే వద్దు, అది దుమ్ముని పట్టుకుని కూర్చుంటుంది.

చెవులపిల్లి
కెపాసిటర్లైనా మార్చొచ్చుగా. ఆ ఆకుపచ్చ మైలార్ తీసి పేపర్ ఇన్ ఆయిల్ వేస్తే టోన్‌లో వచ్చే తీపి వేరు. చెవులున్నవాళ్లకి తెలుస్తుంది.

సోల్డర్‌పొగ
మళ్లీ మొదలు. టోన్ పది మీద ఉన్నప్పుడు ఆ కెపాసిటర్ ముందు 500 కిలో అడ్డం ఉంది. దాని ప్రభావమే అంతంత మాత్రం. టోన్ తగ్గించాక, విలువ ఎంత అన్నదే వినబడుతుంది. ఆయిలా, మైలారా, సిరామిక్కా అన్నది కాదు. నీ ఆయిల్ కెపాసిటర్, ఈ ఆకుపచ్చది రెండూ మీటర్‌తో కొలిచి, ఒకే విలువ ఉన్నవి తీసుకుని, కళ్లు మూసుకుని ఎవరిచేతనైనా స్విచ్ వేయించుకో. తేడా చెప్పగలిగితే అప్పుడు మాట్లాడదాం.

పాత ఆయిల్ కెపాసిటర్లు కాలంతో లీక్ అయి విలువ మారిపోతాయి. జనం విన్నామనే "తీపి" అదే కావచ్చు. విలువ మార్చుకోవాలంటే మార్చుకో, నెక్‌కి 0.015 వేస్తే మరీ గుడ్డిగా అవకుండా ఉంటుంది, అది నేనూ ఒప్పుకుంటా.

చెవులపిల్లి
మీటర్‌తో సంగీతం వినేవాళ్లతో నేను వాదించను.

ఇ_మైనర్
😂

మోడరేటర్
కెపాసిటర్ల చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అది ఇప్పటికే చాలా పొడవుంది. ఇక్కడ గిటార్ బాగుచేద్దాం.

సోల్డర్‌పొగ
సరే. ఇప్పుడు పికప్. ఓపెన్ అనగానే కాయిల్ కాలిపోయిందనుకోకండి. ఈ వయసు పికప్‌లలో ఎక్కువసార్లు తెగేది కాయిల్ వైరుకి, బయటి లీడ్‌కి మధ్య ఉన్న అతుకు. కవర్ ఉందా? కింద బేస్‌ప్లేటుకి రెండు చోట్ల లెడ్‌తో అతికి ఉంటుంది. సన్న రంపపు బ్లేడుతో ఆ లెడ్‌ని కోసి కవర్ తీయండి. ఐరన్‌తో కరిగించాలని చూస్తే ప్లాస్టిక్ బాబిన్ వంగిపోతుంది. తీశాక కాయిల్‌ల చుట్టూ ఉన్న నల్ల టేపుని కొద్దికొద్దిగా, వేడి చేసి మెత్తబడ్డాక విప్పండి. ఆ కాయిల్ వైరు సాధారణంగా 42 గేజ్, 0.06 మిల్లీమీటర్ల పైచిలుకు మందం. ఊపిరి గట్టిగా వదిలినా తెగుతుంది, తొందరపడొద్దు.

హంబకర్‌లో రెండు కాయిల్‌లు సిరీస్‌లో ఉంటాయి. రెండిటినీ విడివిడిగా కొలవండి. ఒకటి 3.5 దగ్గర చూపి, ఇంకోటి ఓపెన్ అయితే తెగింది ఎటువైపో తెలిసిపోతుంది.

వడ్రంగిపిట్ట
ఆ పికప్ వెనక ఏదైనా నంబర్ ముద్ర ఉందా చూడండి. ఐబనెజ్ గిటార్లలో కొన్ని మాక్సన్ పికప్‌లు వచ్చేవి, నిస్షిన్ ఓంపా కంపెనీ చేసినవి. వాటి వెనక అంకెలు ఉంటాయి.

పాతతంతి
ముద్ర ఏమీ లేదు అక్కా.

సోల్డర్‌పొగ అన్నా, మీరు చెప్పినట్టే. ఒక కాయిల్ 3.6. రెండోదాని బయటి చివర టేపు కిందే, అతుకు దగ్గర తెగి ఉంది. తెగిన కొన దొరికింది. భూతద్దం పెట్టుకుని ఒక చుట్టు విప్పి, కొత్త సన్న వైరుకి అతికించాను. మొదట లెడ్ పట్టలేదు, చాలా విసిగించింది. కొనని ఎమరీతో మెల్లగా గీకాక పట్టింది. ఇప్పుడు మొత్తం 7.3 కిలో!

సోల్డర్‌పొగ
సూపర్. గీకాల్సి వచ్చిందంటే అది పాత రకం ఎనామిల్ పూత. పాలియురిథేన్ పూత అయితే ఐరన్ వేడికే కరిగిపోయేది. ఆ అతుకుని పేపర్ టేపుతో చుట్టి, లీడ్ వైరుని బేస్‌కి కట్టేయండి. ఇంకెప్పుడు లాగినా ఆ లాగుడు అతుకు మీద పడకూడదు.

వడ్రంగిపిట్ట
గ్రౌండ్ వైరు కొత్తది వేయడానికి టెయిల్‌పీస్ పోస్టు కింద ఉన్న ఇత్తడి బుష్ పైకి రావాలి. ప్లయర్‌తో పీకితే పైన పూత పెచ్చులూడుతుంది. బుష్ రంధ్రంలో చిన్న ఇనప ముక్క వేసి, పోస్టుని స్క్రూలా బిగిస్తూ పొండి. కింద ఆనాక పోస్టు దిగలేక బుష్‌నే పైకి నెడుతుంది. పైకి వచ్చాక లోపల వైరు పాత దారిలోంచే దూర్చి, ఒక అంగుళం తొక్క తీసిన కొనని బుష్ గోడకి ఆనేలా పెట్టి మళ్లీ దింపండి. పోస్టు బిగించకముందు ఆ ఇనప ముక్క తీయడం మర్చిపోకండి, అందరూ మర్చిపోయేది అదే.

పాతతంతి
గ్రౌండ్ అయ్యింది, బీప్ వస్తోంది. తీగలు పట్టుకుంటే హమ్ ఆగిపోతోంది. టోన్ రెండూ పనిచేస్తున్నాయి. కరకర మూడు పాట్లలో పూర్తిగా పోయింది, బ్రిడ్జ్ వాల్యూమ్‌లో మాత్రం ఒకచోట సౌండ్ తెగుతోంది, క్లీనర్ ఎంత కొట్టినా అంతే.

కానీ కొత్త సమస్య. విడివిడిగా రెండు పికప్‌లూ బాగున్నాయి. స్విచ్ మధ్యలో పెడితే సౌండ్ పీలగా, ముక్కుతో పాడినట్టు వస్తోంది, బేస్ అసలు లేదు. పైగా వాల్యూమ్ రెండిటికంటే తక్కువ.

ఇ_మైనర్
ఇది కొందరు కావాలని చేసుకునే సౌండ్ కదా?

సోల్డర్‌పొగ
అవుట్ ఆఫ్ ఫేజ్, అంటే రెండు పికప్‌ల సిగ్నల్‌లు ఎదురెదురై ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయి. కావాలని చేసుకునేవాళ్లు ఉన్నారు, ఆయనకి అక్కర్లేకపోతే సరిచేద్దాం. అతుకు వేసేది బయటి చివరకే కాబట్టి ఆ రిపేరు వల్ల వచ్చింది కాదిది. గతంలో ఎవరో ఒక పికప్ మార్చి ఉండాలి, లేదా మాగ్నెట్ తిప్పి పెట్టి ఉండాలి.

ముందు నిర్ధారించుకోండి. మీటర్ 20 కిలో మీద పెట్టి, స్విచ్ ఒక పికప్ మీద ఉంచి, స్క్రూడ్రైవర్ మొనని పికప్ స్క్రూల మీద ఆనించి చటుక్కున తీయండి. అంకె ఒక క్షణం పైకో కిందకో గెంతుతుంది. రెండో పికప్ మీదా అదే చేయండి. ఒకటి పైకి, ఒకటి కిందకి పోతే ఎదురు ఫేజ్. ముల్లు ఉన్న పాత మీటర్ ఉంటే ఇంకా తేలిక.

నెక్ పికప్ లీడ్ ఎలాంటిది? మధ్యలో ఒక వైరు, పైన అల్లిన లోహపు జాలా?

పాతతంతి
ఎదురెదురే. బ్రిడ్జ్ పైకి, నెక్ కిందకి. అవును, రెండిటికీ జాల వైరే.

సోల్డర్‌పొగ
అయితే వైర్లు తారుమారు చేస్తే కుదరదు. ఆ జాల బేస్‌ప్లేటుకి, కవర్‌కి కలిసి ఉంటుంది. తిప్పి కడితే కవర్ మొత్తం సిగ్నల్ వైపు వచ్చేస్తుంది, ముట్టుకుంటే చాలు బుర్రుమంటుంది. మాగ్నెట్ తిప్పడమే సరైన దారి.

బ్రిడ్జ్ పికప్‌కి ఎలాగూ కవర్ తీసే ఉంది, దాన్నే చేయండి. కింద నాలుగు స్క్రూలు వదులు చేస్తే రెండు కాయిల్‌ల మధ్య అడ్డంగా పట్టీ మాగ్నెట్ కనిపిస్తుంది. పక్కకి తోసి బయటికి లాగి, దాని పొడవు అక్షం మీద బోర్లా తిప్పి మళ్లీ తోయండి. లాగే ముందు ఒక పక్క మార్కర్‌తో చుక్క పెట్టుకోండి. దాని ధ్రువాలు చివర్లలో ఉండవు, పొడుగు అంచుల్లో ఉంటాయి. అందుకే బోర్లా తిప్పినా, కుడి చివరని ఎడమకి తెచ్చినా ఫలితం ఒకటే. రెండూ చేస్తే మళ్లీ మొదటికొస్తారు!

తెగుతున్న పాట్ మార్చాల్సిందే, లోపల కార్బన్ ట్రాక్ అరిగిపోయింది. అదే చిన్న సైజుది తెచ్చుకోండి. అమెరికన్ పాట్లకి మెడ మూడు బై ఎనిమిది అంగుళం, దాదాపు 9.5 మిల్లీమీటర్లు. మీ బాడీ రంధ్రం 7 లేదా 8 ఉంటుంది. నాబ్ కూడా కూర్చోదు, జపాన్ కాడకి 18 పళ్లు, అమెరికన్ కాడకి 24. ఒక్క పాట్ కోసం రంధ్రం పెద్దది చేయడం నాకు నచ్చదు.

వడ్రంగిపిట్ట
చేయాల్సే వస్తే డ్రిల్ వద్దు, చేతి రీమర్‌తో. డ్రిల్ ఆ గట్టి పూతని పెంకుల్లా లేపుతుంది.

చెవులపిల్లి
పాట్ ఎలాగూ ఊడదీస్తున్నాడు కాబట్టి, 1950ల వైరింగ్ చేసుకో బ్రో. కెపాసిటర్ కాదులే, కంగారుపడకండి.

సోల్డర్‌పొగ
ఇది మాత్రం నిజంగా మంచి సలహా. ఇప్పుడు మీ టోన్ దారి, వాల్యూమ్ పాట్‌లో పికప్ వచ్చే కాలు నుంచే మొదలవుతోంది, ఫోటోలో కనిపిస్తోంది. దాన్ని మధ్య కాలికి, అంటే స్విచ్‌కి వెళ్లే కాలికి మారిస్తే, వాల్యూమ్ తగ్గించినప్పుడు ట్రెబుల్ అంతగా చావదు. ఖర్చు లేదు, నచ్చకపోతే నిమిషంలో వెనక్కి. టోన్, వాల్యూమ్ ఒకదాన్నొకటి కొంచెం లాగుతాయి, దానికి చెయ్యి అలవాటు పడాలి.

పాతతంతి
మాగ్నెట్ తిప్పాను, పాట్ మార్చాను, 50ల వైరింగ్ కూడా. మధ్య పొజిషన్ ఇప్పుడు నిండుగా ఉంది. ఈ గిటార్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన సౌండ్ అదే. మీటర్ మధ్యలో 3.5 చూపిస్తోంది, రెండూ సమాంతరంగా కాబట్టి సరే అనుకుంటా.

ఒకటే అనుమానం. మధ్యలో ఉన్నప్పుడు ఒక వాల్యూమ్ సున్నాకి తిప్పితే మొత్తం గిటార్ ఆగిపోతోంది. ఇది తప్పా?

సోల్డర్‌పొగ
తప్పు కాదు, అసలు లెస్‌పాల్ కూడా అంతే. సున్నాలో ఆ పాట్ మధ్య కాలు నేరుగా గ్రౌండ్‌కి కలుస్తుంది, స్విచ్ దగ్గర రెండూ కలిసి ఉన్నాయి కాబట్టి రెండోదాని సిగ్నల్ కూడా అటే పోతుంది. సున్నాకి బదులు ఒకటి దగ్గర ఆపండి.

పాతతంతి
గెయిన్ బాగా పెంచితే బ్రిడ్జ్ పికప్ కీచుమంటోంది. తీగలు అరచేత్తో నొక్కినా ఆగదు. కవర్ మళ్లీ అతికించాక మొదలైంది.

సోల్డర్‌పొగ
మైక్రోఫోనిక్, అంటే పికప్ మైకులా అదురుని కూడా పట్టుకుంటోంది. కవర్ లోపల వదులుగా అదురుతోంది. మొత్తం పికప్‌ని మైనంలో ముంచక్కర్లేదు, మొదట కవర్ లోపలివైపు మాత్రం కొంచెం మైనం కరిగించి, వేడిగా ఉండగానే నొక్కి చల్లారనివ్వండి. అప్పటికీ ఆగకపోతే పారఫిన్ నాలుగు వంతులు, తేనెమైనం ఒక వంతు. నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి 65 డిగ్రీల దగ్గర, థర్మామీటర్‌తో. నేరుగా మంట మీద ఎప్పుడూ వద్దు, మైనం ఆవిరి అంటుకుంటుంది. వేడి ఎక్కువైతే ఆ పాత బాబిన్‌లు మెలితిరుగుతాయి.

వడ్రంగిపిట్ట
ఇప్పుడు కరెంటు పని అయ్యింది కాబట్టి నెక్ సంగతి చెప్పండి. నెక్ గుంటలో షిమ్, అంటే నెక్ వాలు సరిచేసే పల్చటి ముక్క, ఏమైనా ఉందా?

పాతతంతి
ఉంది, మడిచిన అట్టముక్క. పెన్సిల్ రాతలు ఏమీ లేవు. బ్రిడ్జిని పూర్తిగా దింపినా తీగలు ఇంకా ఎత్తుగానే ఉన్నాయి.

వడ్రంగిపిట్ట
అట్టముక్క తీసేసి, గుంట వెడల్పంతా పట్టేలా, బ్రిడ్జి వైపు మందంగా, ఎదుటి వైపుకి పల్చబడేలా చెక్క షిమ్ వేయండి. ఒక చివరే చిన్న ముక్క పెడితే మధ్యలో ఖాళీ మిగిలి, ఏళ్ల తరబడి స్క్రూల ఒత్తిడికి నెక్ అక్కడ వంగుతుంది. ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) ముట్టుకునే ముందు తీగలు వదులు చేయండి, నట్ మీద ఒక్క చుక్క నూనె, ముందు కొంచెం వదులు చేసి చూశాకే బిగించండి, ఒకసారికి పావు చుట్టు. మొదటి ఫ్రెట్, నెక్ బాడీలో కలిసే చోటి ఫ్రెట్ రెండూ నొక్కి పట్టుకుంటే, ఏడో ఫ్రెట్ దగ్గర తీగకి కింద పావు మిల్లీమీటర్ సందు ఉంటే చాలు. రాడ్ మొరాయిస్తే ఆపేసి ఇక్కడ రాయండి. బలం ఉపయోగించి తెంచిన రాడ్‌కి ఏ షిమ్మూ మందు కాదు.

ఇ_మైనర్
అన్నా, నా దగ్గరా ఇలాంటి కాపీనే ఒకటుంది. ఈ థ్రెడ్ చూసి కొలిచాను. రెండు పికప్‌లూ 5.4 చూపిస్తున్నాయి. హంబకర్ కవర్లే ఉన్నాయి కానీ హమ్ మాత్రం బాగా ఉంది, తీగల గ్రౌండ్ బీప్ వస్తోంది. కాయిల్ ఒకటి షార్ట్ అయ్యిందా?

సోల్డర్‌పొగ
రెండు పికప్‌లూ ఒకేలా షార్ట్ అవ్వడం అరుదు. ఆ రోజుల్లో చవక కాపీల్లో హంబకర్ కవర్ కింద ఒకే కాయిల్ పెట్టి పంపేవాళ్లు. ఆంప్ సౌండ్ తక్కువగా పెట్టి, గిటార్ పట్టుకుని నెమ్మదిగా ఒక చుట్టు తిరుగు. ఒక దిక్కున హమ్ పెరిగి, ఇంకో దిక్కున దాదాపు పోతే అది సింగిల్ కాయిలే. చెడిపోలేదు, పుట్టింది అలాగే. కవర్ తీయకు, ఆ సింగిల్ కాయిల్‌కి 500 కిలో పాట్లతో మరీ పదునుగా ఉందనిపిస్తే 250 కిలో వేసి చూడు.